హైదరాబాద్‌లో ఒంటరిగా అద్దెకి దిగేవాళ్లకి: ఏరియా పేరు కంటే ముందు చూడాల్సినవి

హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు మొదట అడిగేది "ఏ ఏరియా బాగుంటుంది?" అని. నలుగుర్ని అడిగితే నాలుగు పేర్లు వస్తాయి: కొండాపూర్, మణికొండ, కేపీహెచ్‌బీ (కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ), అమీర్‌పేట. ఎవరూ అబద్ధం చెప్పరు. ఎవరి ఆఫీసుకి, ఎవరి షిఫ్టుకి సరిపడే జవాబు వాళ్లు చెబుతారు. అది మీకూ సరిపోతుందన్న హామీ లేదు. పైగా ఒకే ఏరియాలో మెయిన్ రోడ్డు పక్క వీధికీ, నాలుగు మలుపులు లోపలున్న వీధికీ నీళ్లలో, ఆఫీసుకి పట్టే టైములో, ఓనర్ల తీరులో చాలా తేడా ఉంటుంది. అందుకే వెతుకులాట ఆఫీసు గేటు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. దారి తేలాక నీళ్లు, ఆ తర్వాతే అద్దె.

ఆఫీసు నుంచి వెనక్కి

హైదరాబాద్ మెట్రోలో మూడు లైన్లున్నాయి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఒకటి, నాగోలు నుంచి రాయదుర్గం దాకా ఒకటి, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా ఒకటి. హైటెక్ సిటీ, మైండ్‌స్పేస్, నాలెడ్జ్ సిటీ వైపు ఆఫీసైతే మీకు పనికొచ్చేది నాగోలు–రాయదుర్గం లైను. యూసుఫ్‌గూడ స్టేషన్ నుంచి రాయదుర్గానికి ఏడు స్టేషన్లు, పావుగంట ప్రయాణం. మధురానగర్, అమీర్‌పేట అయితే ఇంకో రెండు మూడు నిమిషాలు. నాగోలు నుంచి పూర్తిగా ఈ చివరికి రావాలంటే గంటకి కాస్త తక్కువ. కానీ ఆ గంట వర్షం పడినా, ముఖ్యమంత్రి కాన్వాయ్ వెళ్లినా మారదు. తార్నాక, హబ్సిగూడ, నాగోలు దూరమని కొట్టిపారేసేవాళ్లు ఈ సంగతి లెక్కలోకి తీసుకోరు. ఆ వైపు అద్దెలు తక్కువ, ఇళ్లు విశాలం, గదిలో కూర్చుంటే హారన్ల గోల కూడా తక్కువ.

కేపీహెచ్‌బీ విషయంలో లెక్క తిరగబడుతుంది. రోడ్డు మీద అక్కణ్నుంచి హైటెక్ సిటీ ఐదారు కిలోమీటర్లే. మెట్రో స్టేషన్ కూడా ఇంటి ముందే ఉంటుంది. అయితే ఆ మెట్రో తూర్పుగా అమీర్‌పేట దాకా తీసుకెళ్తుంది, అక్కడ లైను మారి మళ్లీ పడమటికి రావాలి. అందుకే కేపీహెచ్‌బీలో ఉండేవాళ్లు చాలామంది ఆఫీసుకి బైకు మీదో, షేర్ ఆటోలోనో జేఎన్‌టీయూ–మలేషియన్ టౌన్‌షిప్ రోడ్డున వెళ్తారు. ఉదయం తొమ్మిది నుంచి పదిన్నర దాకా ఆ రోడ్డు ఎలా ఉంటుందో దాన్నిబట్టే కేపీహెచ్‌బీ మీకు కుదురుతుందో లేదో తేలుతుంది. నిజాంపేట, ప్రగతినగర్ లోపలికి వెళ్లేకొద్దీ అద్దె తగ్గుతుంది, కానీ ఈ రోడ్డుకి చేరడానికే ఇంకో ఇరవై నిమిషాలు పోతాయి.

ఎంఎంటీఎస్ (నగరంలో తిరిగే లోకల్ రైలు) విషయంలో ఒక జాగ్రత్త. ఎంఎంటీఎస్‌కి హైటెక్ సిటీ స్టేషన్ ఉంది, మెట్రోకీ హైటెక్ సిటీ స్టేషన్ ఉంది. రెండూ వేర్వేరు చోట్ల ఉన్నాయి. ఎంఎంటీఎస్ స్టేషన్ కూకట్‌పల్లి వైపు దారిలో ఉంటుంది. అక్కడ దిగి సైబర్ టవర్స్ దాకా మళ్లీ ఆటో ఎక్కాల్సిందే. రైళ్ల మధ్య విరామం కూడా ఎక్కువ. లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట వైపు తీసుకుంటే టైమ్‌టేబుల్ చూసుకుని, మీ షిఫ్టుకి సరిపోయే రైలు ఉందో లేదో ముందే తేల్చుకోండి.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, నానక్‌రామ్‌గూడ, కోకాపేట వైపు ఆఫీసైతే మెట్రో సంగతి మర్చిపోవాలి. రాయదుర్గం నుంచి కోకాపేట దాకా పొడిగించే ప్రతిపాదన ఉంది, కానీ ప్రతిపాదనలని చూసి ఇల్లు తీసుకోకూడదు. ఈ ఆఫీసులకి మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి, గచ్చిబౌలి, నల్లగండ్ల దగ్గర. ఇక్కడ బైకువాళ్లు తరచుగా లెక్క తప్పే చోటు ఒకటుంది: ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ క్యారేజ్‌వే మీద టూవీలర్లకి అనుమతి లేదు. మ్యాపులో కారు గుర్తు మీద టైము చూసి "పన్నెండు నిమిషాలే" అనుకుంటే, బైకు మీద సర్వీస్ రోడ్డున సిగ్నళ్లు, రాంగ్ రూట్ బండ్లు దాటుకుంటూ వెళ్లేసరికి అది రెట్టింపవుతుంది. మ్యాపులో టూవీలర్ గుర్తు ఎంచుకునే చూడాలి. బయల్దేరే టైము మంగళవారమో బుధవారమో ఉదయం తొమ్మిదికి పెట్టండి. 25 నుంచి 50 నిమిషాలు అని వస్తే 50నే లెక్కలోకి తీసుకోండి.

అన్ని ఆఫీసులూ పడమటి వైపే ఉండవు, ఐటీ ఒక్కటే ఉద్యోగమూ కాదు. పోచారం, ఉప్పల్ క్యాంపస్‌లకి వెళ్లేవాళ్లకి హబ్సిగూడ, ఉప్పల్, బోడుప్పల్ నప్పుతాయి. జీనోమ్ వ్యాలీలో పనిచేసేవాళ్లకి అల్వాల్, కొంపల్లి. పాశమైలారం, జీడిమెట్ల ఫార్మా కంపెనీలకి వెళ్లే కెమిస్టులకి కంపెనీ బస్సే ప్రాణం. అలాంటప్పుడు ఏరియా పేరు అడగడం మాని హెచ్ఆర్ దగ్గర బస్సు రూట్ కాగితం తీసుకుని, స్టాపుకి ఐదు నిమిషాల నడకలో ఇల్లు వెతకాలి. తెల్లవారుజామున 5:40కి బస్సు అందుకోవాల్సినవాళ్లకి ఆ ఐదు నిమిషాలు చాలా పెద్ద విషయం.

అమ్మాయిలకి ఇంకో లెక్క కూడా ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకి ప్రయాణం ఉచితం. అయితే తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. విజయవాడ, అనంతపురం చిరునామాతో ఆధార్ ఉంటే టికెట్ కొనాల్సిందే. కోఠి నుంచి కొండాపూర్ వచ్చే 127కె, సికింద్రాబాద్ నుంచి వచ్చే 10హెచ్ లాంటి రూట్ల మీద ఇల్లు ఉంటే నెల ఖర్చులో అది బాగానే కనిపిస్తుంది.

అద్దె తక్కువ, ఖర్చు ఎక్కువ

రెండు ఇళ్లు ఉన్నాయనుకుందాం. ఒకటి ఆఫీసుకి 3 కిలోమీటర్లు, అద్దె 14,000. రెండోది 12 కిలోమీటర్లు, అద్దె 11,000. పైకి మూడు వేలు మిగులు కనిపిస్తుంది. రెండో ఇంటి నుంచి రోజుకి రానూపోనూ 24 కిలోమీటర్లు, నెలకి 22 రోజులంటే 528. ట్రాఫిక్‌లో బైకు లీటరుకి 40 ఇస్తే 13 లీటర్ల పైచిలుకు. లీటరు 107 రూపాయలనుకుంటే 1,400. దగ్గరింటికి పెట్రోలు 350 అవుతుంది. అంటే మిగులు రెండు వేలకి దిగింది. సర్వీసింగ్, టైర్లు, వాన రోజున క్యాబు కలిపితే ఇంకా కరుగుతుంది. ఇక టైము: ఒక్కో వైపు 35 నిమిషాలు ఎక్కువ పట్టినా నెలకి 25 గంటలు దాటుతుంది. వారానికి రెండ్రోజులే ఆఫీసుకి వెళ్లేవాళ్లకి ఈ లెక్క మొత్తం తలకిందులవుతుంది, వాళ్లకి దూరపు ఇల్లే లాభం. అందుకే ముందు మీ మేనేజరుని అడగాల్సింది జీతం గురించి కాదు, వారంలో ఎన్ని రోజులు రావాలన్నది.

దిగే రోజుకి చేతిలో ఎంత ఉండాలో కూడా చూసుకోవాలి. 14,000 అద్దెకి రెండు నెలల అడ్వాన్స్ 28,000, మొదటి నెల అద్దె 14,000, బ్రోకరుంటే సగం నెల నుంచి ఒక నెల. పరుపు, బకెట్టు కొనకముందే 49,000 నుంచి 56,000. కొత్తగా చేరినవాళ్లు మొదటి జీతం రాకముందే ఇంత పెట్టలేరు. అందుకే మొదటి నెల హాస్టల్లోనో, పీజీలోనో దిగడం మంచి పద్ధతి. హాస్టల్ అడ్వాన్స్ చిన్న మొత్తం, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో మాత్రం చేరేరోజే అడగండి. ఆ నెలంతా సాయంత్రాలు నడుస్తూ టులెట్ బోర్డులు చూడండి. పాత కాలనీల్లో మంచి పోర్షన్లు చాలావరకు ఆన్‌లైన్‌కి రావు, గేటుకి కట్టిన బోర్డు మీదే ఉంటాయి. బ్రోకరు ఖర్చూ తప్పుతుంది.

నీళ్లు

ఇల్లు చూసేటప్పుడు అందరూ టైల్స్ చూస్తారు, కొళాయి విప్పి చూసేవాళ్లు తక్కువ. హైదరాబాద్‌లో ఇంటికి మూడు రకాలుగా నీళ్లొస్తాయి: జలమండలి (నగర నీటి సరఫరా బోర్డు) నల్లా (జనం మంజీరా నీళ్లనో, కృష్ణా నీళ్లనో అంటారు), బోరు, ట్యాంకరు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, సంపులో పట్టుకుని పైన ట్యాంకుకి ఎక్కిస్తారు. నల్లా కనెక్షన్ లేని బిల్డింగులు బోరు మీదే బతుకుతాయి. పడమటి వైపు రాతినేల, అపార్ట్‌మెంట్లు ఎక్కువ. మార్చి దాటాక బోర్లు ఎండుతాయి, ట్యాంకర్లు మొదలవుతాయి.

ఆ ట్యాంకరు ఖర్చు ఎలా మీద పడుతుందో చూడండి. మనిషికి రోజుకి 135 లీటర్లన్నది నగరాల నీటి సరఫరాకి వాడే ప్రమాణం. పది ఫ్లాట్లలో 35 మంది ఉంటే రోజుకి 4,700 లీటర్ల పైన, అంటే దాదాపు రోజుకొక 5,000 లీటర్ల ట్యాంకరు. ట్యాంకరు వెయ్యి అనుకున్నా నెలకి 30,000, ఫ్లాటుకి మూడు వేలు. మెయింటెనెన్స్ ఫ్లాటు లెక్కన పంచుతారు కాబట్టి ఒక్కరే ఉండే మీరూ, ఐదుగురున్న పక్క ఫ్లాటూ సమానంగా కట్టాలి. "నీళ్ల ప్రాబ్లం ఉందా?" అని అడిగితే ఏ ఓనరూ ఉందనరు. "పోయిన ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ ఎంతొచ్చింది?" అని వాచ్‌మన్‌నో, పక్క ఫ్లాటువాళ్లనో అడగండి. జనవరిలో 1,500 ఉన్నది మేలో 4,000 అయిందంటే మీకు జవాబు దొరికినట్టే.

నీటి నాణ్యతకి బాత్రూంలోని షవర్ మొహం, కొళాయి మూతి చూడండి. తెల్లగా పెచ్చు కట్టి ఉంటే బోరు నీళ్లు గట్టివి. గీజరు కాయిల్ త్వరగా పాడవుతుంది, సబ్బు నురగ రాదు, బట్టలు రంగు మారతాయి. కొన్ని వందల్లో దొరికే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) వెంట తీసుకెళ్తే ఇంకా స్పష్టం. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం 500 దాకా మేలు, వేరే దిక్కు లేకపోతే గరిష్ఠంగా 2,000. బోరు నీళ్లలో మీటరు వెయ్యి దాటిందంటే తాగడానికి ప్యూరిఫయరో, క్యానో తప్పదని లెక్కలో వేసుకోండి.

కరెంటు మీటరు ఎవరి పేరు మీద

పాత ఇళ్లలో ఒక మీటరు మీద రెండు మూడు పోర్షన్లు నడుపుతారు. ఓనరు సబ్‌మీటరు పెట్టి "యూనిట్‌కి పది రూపాయలు" అంటారు. ఇది న్యాయమో కాదో తెలియాలంటే స్లాబులు తెలియాలి. 2025 నాటి తెలంగాణ గృహ టారిఫ్‌లో, నెలకి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి (వంద దాటితే) మొదటి వంద 3.40, తర్వాతి వంద 4.80. 200 దాటిందంటే మొదటి యూనిట్ నుంచే లెక్క మారుతుంది: మొదటి 200కీ 5.10, ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు. 200 యూనిట్లకి 820 వచ్చే బిల్లు, 201 యూనిట్లకి దాదాపు 1,028 అవుతుంది. ఒక్క యూనిట్‌కి రెండొందల పైన.

మూడు పోర్షన్లు తలా 120 యూనిట్లు కాల్చాయనుకోండి. విడి మీటర్లుంటే ఒక్కొక్కరికి 436. ఒకే మీటరు మీద 360 యూనిట్లుగా లెక్కిస్తే మొత్తం 2,330, తలా 777. స్థిర ఛార్జీలు వేరు. ఇక యూనిట్‌కి పది రూపాయలు వసూలు చేస్తే తలా 1,200, అంటే కరెంటు ఆఫీసుకి కట్టేదానికంటే ఓనరు చేతికొచ్చేదే ఎక్కువ. విడి మీటరున్న ఇంటికి అద్దె మూడొందలు ఎక్కువైనా తీసుకోవచ్చు. ఏసీ పెట్టుకునేవాళ్లకైతే విడి మీటరు లేని ఇల్లు వద్దేవద్దు. దిగే ముందు బిల్లు మీదున్న సర్వీస్ నంబరుతో పాత బకాయి ఉందేమో చూసుకుని, దిగినరోజు మీటరు రీడింగు ఫోటో తీసి ఓనర్ గారికి వాట్సాప్‌లో పంపండి.

బ్యాచిలర్లకి ఇవ్వం

"ఓన్లీ ఫ్యామిలీస్" బోర్డుతో వాదించి లాభం లేదు. ఓనర్ల భయాలు నాలుగు: రాత్రిపూట గోల, వచ్చిపోయే స్నేహితులు, నీళ్ల వాడకం, చెప్పకుండా ఖాళీ చేసిపోవడం. ఎస్సార్ నగర్, అమీర్‌పేట, మాదాపూర్, కేపీహెచ్‌బీ, గచ్చిబౌలి ఇందిరానగర్ లాంటిచోట్ల బ్యాచిలర్లు అలవాటే కాబట్టి ప్రశ్నలు తక్కువ. కర్రీ పాయింట్లు, టిఫిన్ సెంటర్లు, రాత్రి పదకొండుకీ తెరిచుండే మెడికల్ షాపు కూడా ఇక్కడే దొరుకుతాయి. ఒంటరిగా జ్వరం వచ్చినరోజు వీటి విలువ తెలుస్తుంది. కుటుంబాలు ఎక్కువున్న కాలనీలో కావాలంటే ఆఫీసు ఐడీ, జాయినింగ్ లెటర్ చూపించి, ఎవరెవరు ఉంటారో పేర్లతో చెప్పి, వీలైతే అమ్మానాన్నల్లో ఒకరితో ఓనర్ గారికి ఫోన్ చేయిస్తే చాలాసార్లు పని జరుగుతుంది.

కులం, మతం అడిగే ఓనర్లు ఈ నగరంలో ఇంకా ఉన్నారు. "వెజిటేరియన్స్‌కి మాత్రమే" అన్న మాట వెనక తరచుగా అదే ఉంటుంది. ఇది అన్యాయం, దాన్ని అన్యాయమనే అనాలి. అద్దెకి దిగేవాళ్లు చేయగలిగింది మాత్రం ఆ ప్రశ్న ఫోన్లోనే తేలిపోయేలా చూసుకోవడం: ఇంటికి వెళ్లకముందే బ్యాచిలర్లకి ఇస్తారా, నాన్‌వెజ్ వండుకోవచ్చా, స్నేహితులు రాత్రి ఉండొచ్చా, గేటు ఎన్నింటికి వేస్తారు అని అడిగేయండి.

అపార్ట్‌మెంట్లో ఇంకో చిక్కు. ఓనరు సరేనన్నా అసోసియేషన్ ఒప్పుకోదు. అడ్వాన్స్ కట్టి సామాను దింపాక సెక్రటరీ వచ్చి అభ్యంతరం చెబితే, ఊరవతల ఉండే ఓనరు ఫోన్ ఎత్తరు. అడ్వాన్స్‌కి ముందే ఓనర్ని అసోసియేషన్‌తో మాట్లాడించి, సరేనన్న మాట మెసేజ్ రూపంలో తీసుకోండి.

నైట్ షిఫ్టు అమ్మాయిలు ఇంటికంటే వీధిని ఎక్కువ చూడాలి. కంపెనీ క్యాబు గేటు దాకా రాగలదా, లేక మలుపు దగ్గరే ఆగిపోతుందా? రాత్రి పన్నెండున్నరకి గేటు తీసే వాచ్‌మన్ ఉన్నాడా, లేక ఓనర్ ఆంటీని నిద్రలేపాలా? లేడీస్ హాస్టళ్లలో గేటు పది, పదిన్నరకే వేస్తారు. షిఫ్టు లెటర్ చూపిస్తే తీస్తారో లేదో ముందే అడగాలి. ఆ వీధిని ఒకసారి రాత్రి పదకొండుకి, ఎవరినైనా తోడు తీసుకుని చూసి రండి.

గదిలో

మన దగ్గర డాబా మీద వేసిన ఒంటి గదిని పెంట్‌హౌస్ అంటారు. గాలి, ఏకాంతం బాగుంటాయి, అద్దె తక్కువ. కానీ మే నెలలో స్లాబు సాయంత్రం ఏడింటిదాకా వేడి కక్కుతుంది. రేకుల షెడ్డయితే అసలు వద్దు. ఇంకోటి, ట్యాంకు పక్కనే ఉన్నా నీళ్లు సన్నగా వస్తాయి. ట్యాంకు అడుగుకీ షవర్‌కీ మధ్య ఎత్తు మీటరు కూడా లేకపోతే ఒత్తిడి రాదు, గీజరు సరిగ్గా నిండదు. షవర్ విప్పి అర నిమిషం ఆగి చూస్తే తెలిసిపోతుంది.

తలుపు వేసి లోపలి గదిలో నిలబడి ఫోన్ చేయండి, సిగ్నల్ అక్కడే పోతుంది. బిల్డింగులోకి ఏ ఫైబర్ లైను వస్తుందో అడగండి, కొన్నిచోట్ల ఒక్క కంపెనీనే రానిస్తారు. జనరేటర్ ఉందంటే ఫ్లాటుకా, లిఫ్టుకీ మెట్ల లైట్లకేనా అన్నది తేల్చుకోండి. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు చుట్టూ ఖాళీ స్థలం కనిపిస్తే సంతోషించకండి: అక్కడ రేపు టవర్ లేస్తుంది, దానికి ముందు బండరాయి పేలుస్తారు. వీధిలో ఫంక్షన్ హాల్ ఉంటే పెళ్లిళ్ల సీజన్లో బరాత్ డీజే మీ పడకగదిలోకే వస్తుంది. మాదాపూర్ అయ్యప్ప సొసైటీ లాంటిచోట్ల అనుమతి లేని బిల్డింగుల కూల్చివేతలు 2014లోనూ, 2025లోనూ జరిగాయి. గోడకి గోడ తగిలించి కట్టినవాటిలో మెట్లు ఒక్కటే దారి అయితే, నిప్పంటుకుంటే బయటపడేదెలా అన్నది మీరే ఆలోచించుకోవాలి.

వానాకాలం చూడకుండా కింది అంతస్తు తీసుకోకూడదు. 2020 అక్టోబరు వానలకి టోలిచౌకి నదీం కాలనీ, నిజాంపేట బండారి లేఅవుట్ నీట మునిగాయి. రెండూ పాత చెరువుల దారిలో ఉన్నవే. కాలనీ పేరులోనో పక్క వీధి పేరులోనో చెరువు, కుంట ఉంటే గోడల మీద తేమ గీత ఎంత ఎత్తుందో, సెల్లార్‌లో మోటారు ఎందుకు పెట్టారో చూడండి. కిరాణా కొట్టాయన కంటే నిజం చెప్పేవాళ్లు ఉండరు.

కాగితం, అడ్వాన్స్

అగ్రిమెంట్ 11 నెలలకి రాయడానికి కారణం ఉంది: ఏడాది దాటిన లీజుకి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్లకి రెండు నెలల అడ్వాన్స్ మించకూడదంటుంది, కానీ అది రాష్ట్రం సొంత చట్టం చేసుకుంటేనే వర్తిస్తుంది. కాబట్టి మీకు రక్ష అగ్రిమెంట్లో రాసుకున్న మాటే. నాలుగు అంకెలు కచ్చితంగా ఉండాలి: ఎన్ని రోజుల నోటీసు, పెయింటింగ్‌కి ఎంత కోత (చాలామంది ఒక నెల అద్దె పట్టుకుంటారు, బేరమాడితే తగ్గిస్తారు), ఏటా ఎంత శాతం పెంపు, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో అడ్వాన్స్ వాపసు. పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలోని ఇంటి అద్దె అలవెన్స్) మినహాయింపు చూపించేవాళ్లు అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ ఇవ్వాలి. ఇస్తారో లేదో ముందే అడగండి, మార్చిలో అడిగితే మొహం చాటేస్తారు.

ఇల్లు చూడకముందే డబ్బు పంపమన్నారంటే అది మోసమే. "ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది, క్యూఆర్ స్కాన్ చేసి టోకెన్ పంపండి" అనేది చాలా ఏళ్లుగా తిరుగుతున్న ఎత్తు. ఆస్తి పన్ను రసీదులోనో, కరెంటు బిల్లులోనో ఓనరు పేరు చూసి, అదే పేరున్న ఖాతాకే అడ్వాన్స్ పంపండి. ఆధార్ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ కాపీ ఇస్తే సరిపోతుంది.

దిగినరోజే ఖాళీ ఇంటిని వీడియో తీయండి: గోడ మరకలు, పగిలిన టైల్, తలుపు గొళ్లెం, సింకు కింద కారుతున్న పైపు. అవన్నీ ఓనర్ గారికి అదేరోజు పంపండి. ఖాళీ చేసేటప్పుడు నోటీసు కూడా నోటిమాటగా కాకుండా వాట్సాప్‌లో తేదీతో ఇవ్వండి. చివరి నెల అద్దెని అడ్వాన్స్‌లో సర్దుకోమని అడిగితే కొందరు ఒప్పుకుంటారు, ఒప్పుకుంటే వాపసు కోసం తిరిగే పని సగం తగ్గుతుంది. ఒప్పుకోకపోతే ఆఖరి రోజు మీటరు రీడింగు, వీడియో రెండూ ఓనర్ ఎదుటే తీసి, లెక్క కాగితం మీద వేయించుకున్నాకే తాళం చెవి ఇవ్వండి.